సమాధుల పండుగ: చనిపోయినవారి కోసం ప్రార్థించాలా, జ్ఞాపకం చేసుకుంటే చాలా?

సమాధుల పండుగ జరిగే నవంబర్ 2 దగ్గరపడుతుంటే నారాయణగూడ, భోయిగూడ సమాధుల తోటల్లో కలుపు పీకేవాళ్లు, శిలువలకు సున్నం కొట్టేవాళ్లు, రాతి మీద వెలిసిపోయిన పేర్లకు నల్లరంగు దిద్దేవాళ్లు కనిపిస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా క్రైస్తవ కుటుంబాల్లో ఒక వాదన కూడా మొదలవుతుంది. అమ్మ పేరున చర్చిలో పూజ (గురువు, అంటే ఫాదర్, అర్పించే దివ్యబలిపూజ) చెప్పించాలని ఒకరంటారు. చనిపోయాక ప్రార్థన దేనికని ఇంకొకరు అడుగుతారు. పూలు పెట్టొచ్చు గానీ కొవ్వొత్తి వెలిగించకూడదని మరొకరు పట్టుబడతారు.

హైదరాబాద్‌లో ఈ వాదన మిగతా చోట్ల కంటే కొంచెం గట్టిగానే వినిపిస్తుంది. ఇక్కడ ఒకే ఇంట్లో తల్లి కతోలిక, కొడుకు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కూతురు పెంతెకొస్తు సంఘం, అల్లుడు హిందూ కుటుంబం నుంచి వచ్చినవాడు అయి ఉండడం అరుదేమీ కాదు. ముగ్గురు నలుగురు ఒకే సమాధి చుట్టూ నిలబడతారు. కానీ ఆ సమాధి ముందు ఏం చేయాలన్న దానిపై వాళ్ల సంఘాలు నేర్పినవి వేరు.

ఈ గొడవలో మూడు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. చనిపోయినవారు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నారు? మన ప్రార్థన వాళ్లకు ఏమైనా మేలు చేస్తుందా? వాళ్లను ఏ పద్ధతిలో స్మరించుకోవాలి? కోపతాపాలన్నీ మూడో ప్రశ్న మీదే వస్తాయి. అసలు తేడా మాత్రం రెండో ప్రశ్నలో ఉంది. మూడింటినీ విడదీసి చూస్తే, ఎక్కడ నిజంగా భేదం ఉందో, ఎక్కడ కేవలం అలవాటు అడ్డొస్తోందో తెలుస్తుంది.

ఎవరూ కాదనని పునాది

కతోలిక, ఆర్థడాక్స్, సీఎస్ఐ, మెథడిస్టు, బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు, బ్రదరెన్ సంఘాలన్నీ ఒప్పుకునే మాట ఒకటుంది. క్రైస్తవ నిరీక్షణ అంటే ఆత్మ శరీరం నుంచి విడిపోయి ఎక్కడో హాయిగా ఉండడం ఒక్కటే కాదు, శరీరం తిరిగి లేవడం. విశ్వాస ప్రమాణంలో 'శరీర పునరుత్థానము' అని చెప్పేది ఇదే. పౌలు 1 కొరింథీ 15వ అధ్యాయమంతా దీనికే ఇచ్చాడు. క్రీస్తు లేచాడు కాబట్టి ఆయనవారు లేస్తారు, ఆయన లేవకపోతే మన విశ్వాసమే వ్యర్థం అన్నంత సూటిగా చెప్పాడు.

భూస్థాపనలో ఎక్కువగా చదివే 1 థెస్సలొనీక 4:13 కూడా ఈ పునాది మీదే నిలబడుతుంది: "నిరీక్షణలేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అంటాడు పౌలు. ఏడవొద్దని ఆయన అనలేదు. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు విడిచాడు. 'విశ్వాసులు ఏడవకూడదు' అని ఆదరణ కూడికల్లో కొందరు చెప్పే మాటకు ఈ వాక్యంలో ఆధారం లేదు. భర్తను పోగొట్టుకున్న మనిషికి ఆ మాట అదనపు బరువు అవుతుంది.

మరణానికి, పునరుత్థానానికి మధ్య ఏమవుతుంది?

ఇక్కడి నుంచి దారులు చీలతాయి. నిన్న చనిపోయిన మనిషికి, అంత్యదినాన జరిగే పునరుత్థానానికి మధ్య కాలం ఉంది కదా. ఆ మధ్య స్థితి గురించి బైబిలు చెప్పింది తక్కువ. సిలువ మీది దొంగతో "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు యేసు. లోకాన్ని విడిచి క్రీస్తుతో ఉండడం తనకు మరీ మేలని పౌలు ఫిలిప్పీ పత్రికలో రాశాడు. ఈ రెండింటిని బట్టి ఎక్కువ సంఘాలు విశ్వాసి ఆత్మ వెంటనే ప్రభువు సన్నిధికి చేరుతుందని నమ్ముతాయి.

సెవెంత్ డే అడ్వెంటిస్టులు అలా అనుకోరు. "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అన్న ప్రసంగి 9:5ను ఆధారం చేసుకుని, మరణం తెలివిలేని నిద్ర, మెలకువ వచ్చేది పునరుత్థానంలోనే అంటారు. ఈ దృష్టిలో మృతుల కోసం ప్రార్థన అన్న ప్రశ్నే పుట్టదు.

కతోలికులు మూడు స్థితులు చెబుతారు. దేవుణ్ణి పూర్తిగా తిరస్కరించి చనిపోతే నరకం. సంపూర్ణ పరిశుద్ధతతో చనిపోతే నేరుగా మోక్షం. దేవుని స్నేహంలోనే చనిపోయినా ఇంకా శుద్ధి కావలసి ఉంటే, ఆ శుద్ధినే ఉత్తరించు స్థలం అంటారు.

ఉత్తరించు స్థలం: అపోహలు ఎక్కువ, అధికారిక బోధ తక్కువ

దీని గురించి బయట వినిపించే విమర్శల్లో సగం అసలు బోధకు తగలవు. ఉత్తరించు స్థలం చిన్న నరకం కాదు. రెండో అవకాశమూ కాదు. అక్కడున్నవారు రక్షణ పొందినవారే, మోక్షం వాళ్లకు ఖాయమే. నరకానికి వెళ్లాల్సినవాళ్లను పూజలతో బయటికి లాగవచ్చని కతోలిక సభ ఎప్పుడూ చెప్పలేదు.

అధికారికంగా కట్టుబడి ఉన్న బోధ చాలా చిన్నది. 1274లో లియోన్, 1439లో ఫ్లోరెన్స్ మహాసభలు దీని గురించి మాట్లాడాయి. 1563 డిసెంబరులో ట్రెంట్ మహాసభ రెండే మాటలు స్థిరపరిచింది: అలాంటి శుద్ధి ఉంది, అందులో ఉన్నవారికి విశ్వాసుల ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యబలిపూజ సాయపడతాయి. అదే తీర్మానంలో ఇంకో మాట కూడా ఉంది. సామాన్య జనానికి చేసే ప్రసంగాల్లో చిక్కు ప్రశ్నలు తీసుకురావద్దని, మూఢనమ్మకానికీ నీచమైన లాభానికీ తావిచ్చేవాటిని ఆపాలని మేత్రాణులను (బిషప్పులను) ఆదేశించింది. అక్కడ నిప్పు ఎలాంటిది, ఎన్నేళ్లు, అది ఏ చోట అన్నవి ఆ తీర్మానం తేల్చలేదు.

1999 ఆగస్టులో రెండో జాన్ పాల్ పోపుగారు అది ఒక చోటు కాదు, ఒక స్థితి అని వివరించారు. 2007లో 16వ బెనెడిక్ట్ పోపుగారు విశ్వాసులకు రాసిన లేఖలో, శుద్ధి చేసే ఆ అగ్ని క్రీస్తే అని కొందరు వేదాంతులు చెప్పే ఆలోచనను ఆదరించారు. క్రీస్తు చూపు పడ్డప్పుడు మనలోని అబద్ధమంతా కాలిపోతుందని, ఆ క్షణాన్ని భూలోకపు గడియారంతో కొలవలేమని రాశారు. కాబట్టి 'మా నాన్న ఇంకా ఎన్నాళ్లు అక్కడుంటారు?' అన్న ప్రశ్నకు కతోలిక సభ దగ్గర అంకె లేదు. ఎవరైనా అంకె చెబితే అది సభ బోధ కాదు.

ఒకే వాక్యం, రెండు రకాల చదువు

వాదనలో మొదట వచ్చేది రెండో మక్కబీయుల గ్రంథం 12వ అధ్యాయం. యుద్ధంలో చనిపోయిన యూదు సైనికుల అంగీల కింద యమ్నియా విగ్రహాల తాయెత్తులు దొరుకుతాయి. వాళ్ల నాయకుడు యూదా మక్కబీ చందా పోగుచేసి, 2,000 వెండి ద్రాక్మాలు యెరూషలేముకు పంపి, చనిపోయినవారి పాపం కోసం బలి అర్పింపజేస్తాడు. పునరుత్థానం మీద నమ్మకంతోనే అలా చేశాడని రచయిత మెచ్చుకుంటాడు. కతోలికులకు ఇది నేరుగా ఆధారం.

ప్రొటెస్టంటుల జవాబు రెండు మెట్లలో ఉంటుంది. మొదటిది, ఆ గ్రంథం వాళ్ల 66 పుస్తకాల బైబిలులో లేదు, 73 పుస్తకాల కతోలిక బైబిలులో ఉంది. రెండోది ఇంకా పదునైనది. ఆ సైనికులు చేసింది విగ్రహారాధన, అంటే చావైన పాపం (దేవునితో స్నేహాన్ని తెంచేసే ఘోర పాపం). కతోలిక బోధ ప్రకారమే ఉత్తరించు స్థలం అలాంటి పాపంలో చనిపోయినవారి కోసం కాదు కదా అంటారు. వాళ్లు భక్తితో నిద్రించినవారని రచయితే భావించాడని, తాయెత్తు కట్టుకున్న ప్రతివాడూ తెలిసి దేవుణ్ణి విడిచాడని చెప్పలేమని కతోలికులు తిరిగి చెబుతారు.

1 కొరింథీ 3:15లో ఒకని పని కాలిపోయినా "అతడు తనమట్టుకు రక్షింపబడును గాని అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు రక్షింపబడును" అని ఉంది. కతోలికులకు ఇందులో రక్షణ పొందినవాడు అగ్ని గుండా వెళ్లడం కనిపిస్తుంది. ప్రొటెస్టంటు వ్యాఖ్యాతలు పైనున్న వచనాలు చూడమంటారు. అక్కడ మాట్లాడుతున్నది సంఘాన్ని కట్టే బోధకుల గురించి, కాలేది వాళ్ల పని, అదీ తీర్పు దినాన. సందర్భం గురించి వాళ్లు చెప్పేది బలమైనదే. అయితే రక్షణ పొందిన మనిషికి కూడా తీర్పులో నష్టం, నొప్పి ఉండవచ్చన్న ఆలోచన ఆ వచనంలో ఉందని ఒప్పుకోవాలి.

రెండో వైపు నుంచి ఎక్కువగా వచ్చేవి హెబ్రీ 9:27, లూకా 16వ అధ్యాయం. ఒక్కసారే చావు, ఆ తర్వాత తీర్పు. ధనవంతుడికీ లాజరుకూ మధ్య దాటలేని అగాధం. చావుతో తీర్పు స్థిరపడిపోతుందని ఇవి చెబుతాయి. కతోలికులు దీన్ని కాదనరు, వాళ్ల బోధలోనూ చావు తర్వాత మనసు మార్చుకునే వీలు లేదు. తేడా అంతా తీర్పు రక్షణవైపే వచ్చినవాడికి ఇంకా శుద్ధి మిగిలి ఉంటుందా లేదా అన్న దగ్గరే. సిలువ మీద క్రీస్తు చేసింది సంపూర్ణం కాబట్టి విశ్వాసికి ఏమీ మిగలదన్నది సంస్కరణ సంఘాల గుండెలాంటి మాట. ఆ శుద్ధి కూడా సిలువ ఫలమే, దానికి అదనంగా కలిపేది కాదన్నది కతోలికుల మాట.

ఇంకో వాక్యాన్ని మాత్రం చాలాసార్లు తప్పుగా వాడుతున్నారు. ద్వితీయోపదేశకాండము 18:11 మృతుల దగ్గర విచారణ చేయడాన్ని నిషేధిస్తుంది. అంటే చనిపోయినవారిని పిలిచి సోదె అడగడం. చనిపోయినవారి కోసం దేవుణ్ణి అడగడం అందులోకి రాదు. సోదెను కతోలిక సభ కూడా అంతే గట్టిగా నిషేధిస్తుంది.

ప్రొటెస్టంటులది ఒకే గొంతు కాదు

1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ 95 వాదాలు బయటపెట్టింది ఇండల్జెన్సుల (పాపానికి మిగిలిన శిక్షను సభ తీసివేయడం) అమ్మకం మీద. తర్వాతి కాలంలో ఉత్తరించు స్థలాన్నీ, మృతుల కోసం పూజలనూ వదిలేశాడు. అయినా 1528లో తన విశ్వాసాన్ని వివరిస్తూ, వాక్యం ఏమీ చెప్పలేదు కాబట్టి, చనిపోయిన వ్యక్తి కనికరం పొందే స్థితిలో ఉంటే కనికరించమని ఇంట్లో ఒకటి రెండుసార్లు ప్రార్థించడం పాపం కాదన్నాడు. ఆపై ఊరుకోమన్నాడు. ఆంగ్లికన్ల 39 సూత్రాల్లో 22వది ఉత్తరించు స్థలాన్ని ఖండిస్తుంది. 17వ శతాబ్దపు వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన మృతుల కోసం ప్రార్థించకూడదని సూటిగా రాసింది. అదే ప్రొటెస్టంటు వంశంలోని జాన్ వెస్లీ (మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు) మాత్రం విశ్వాసంలో గతించినవారి కోసం సాధారణంగా చేసే ప్రార్థనను సమర్థించాడు.

ఇది హైదరాబాద్‌కు దూరపు సంగతి కాదు. ఇక్కడి సీఎస్ఐ మెదక్ డయాసిస్ వేర్లు వెస్లియన్ మిషన్‌లోనే ఉన్నాయి. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ ధారలు కలిసి సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఈ వేర్వేరు అలవాట్లన్నీ లోపలికి వచ్చాయి. అందుకే ఒక సీఎస్ఐ సంఘంలో అయ్యగారు నవంబర్ 2న సమాధుల తోటలో ఆరాధన నడిపిస్తే, ఇంకో సంఘంలో ఆ రోజు ఊసే ఉండదు. రెండూ ఆ సంప్రదాయంలోనివే. మొత్తంగా వాళ్ల ఆరాధనలో వినిపించేది మృతుల కోసం కృతజ్ఞత: వాళ్ల జీవితానికి స్తోత్రం, మిగిలినవారికి ఆదరణ.

హెబ్రోను వంటి స్వతంత్ర సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు ఇంకో అడుగు ముందుకు వేసి పండుగ దినాన్నే పాటించవు. ఇది చనిపోయినవారంటే లెక్కలేకపోవడం కాదు. వాక్యంలో ఆజ్ఞ లేనిదాన్ని ఆచారంగా మార్చకూడదన్న పట్టుదల. ఇంకోవైపు సికింద్రాబాద్‌లోని మలంకర ఆర్థడాక్స్ విశ్వాసులు ప్రతి ఖుర్బానాలో (వాళ్ల బలిపూజలో) మృతుల కోసం ప్రార్థిస్తారు, కానీ ఉత్తరించు స్థలాన్ని ఒప్పుకోరు. మృతుల కోసం ప్రార్థన, ఉత్తరించు స్థలం రెండూ ఒకటే అనుకునేవాళ్లకు ఈ ఉదాహరణ చాలు.

నవంబర్ 2 ఎక్కడి నుంచి వచ్చింది

ఫ్రాన్సులోని క్లూనీ మఠానికి అధిపతి అయిన ఒడిలో (Odilo) అనే ఆయన సుమారు 998లో తన కిందున్న మఠాలన్నింటిలో, నవంబర్ 1న వచ్చే సకల పునీతుల పండుగ మర్నాడు మృతుల కోసం ప్రార్థించాలని ఏర్పాటు చేశాడు. అది మెల్లగా పడమటి సభ అంతటికీ పాకింది. చనిపోయినవారిని ఆరాధనలో తలచుకోవడం దానికంటే చాలా పాతది. ఏటేటా మరణదినాన అర్పణలు చేసే అలవాటును మూడో శతాబ్దపు తొలి ఏళ్లలో క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ ప్రస్తావించాడు. ఈ తేదీ హాలోవీన్ నుంచి వచ్చిందన్న మాట మాత్రం తలకిందులు. అక్టోబరు 31కి ఆ ఇంగ్లిషు పేరు వచ్చిందే అది సకల పునీతుల పండుగకు ముందు సాయంత్రం కావడం వల్ల.

పూజ చెప్పించడం: పేర్లు, కానుకలు, లెక్కలు

అపార్థాలు ఎక్కువయ్యేది ఇక్కడే. పూజ కానుక దివ్యబలిపూజకు ధర కాదు. గురువు జీవనానికి, సభ పనికి ఇచ్చే సాయం. ఎంతన్నది మేత్రాణులు నిర్ణయిస్తారు. వ్యాపారం అనిపించే నీడ కూడా పడకూడదని సభ ధర్మశాసనం (కానన్ లా) 947వ నిబంధన హెచ్చరిస్తుంది. కానుక ఇవ్వలేని పేదవారి ఉద్దేశం కోసమూ పూజ చేయాలని 945వ నిబంధన గురువులను కోరుతుంది.

మామూలు రోజుల్లో సూత్రం ఇది: ఒక కానుక తీసుకుంటే ఒక పూజ. పది కుటుంబాలు విడివిడిగా కానుకలిస్తే పది పూజలు బాకీ. ఒకే పూజలో పది పేర్లు చదవాలంటే, అది ఉమ్మడి పూజ అని ముందే ఆ కుటుంబాలకు చెప్పి ఒప్పించాలి. 1991లో రోము దీన్ని వారానికి రెండుసార్లకు మించనీయలేదు. 2025 ఏప్రిల్ 20 నుంచి అమలైన కొత్త ఆదేశం, స్థానిక మేత్రాణులు అనుమతిస్తే కొంత వెసులుబాటు ఇస్తుంది. కానుక ఇచ్చినవారికి తెలియాలన్న షరతు మాత్రం అలాగే ఉంది.

నవంబర్ 2 ప్రత్యేకం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915 ఆగస్టు 10న 15వ బెనెడిక్ట్ పోపుగారు ప్రతి గురువూ ఆ రోజు మూడు పూజలు చేయవచ్చని అనుమతించారు. ఒకటి తన దగ్గరున్న ఉద్దేశం కోసం, రెండోది మరణించిన సకల విశ్వాసుల కోసం, మూడోది పోపుగారి ఉద్దేశాల కోసం. కానుక మొదటిదానికే. ఇప్పుడు ఒక విచారణలో (పారిష్‌లో) 40 కుటుంబాలు పేర్లు రాసి కవర్లు ఇచ్చాయనుకోండి. ఆ రోజు 40 పూజలు జరగవు, జరగాలని నియమమూ లేదు. ఆ కాగితాలు బలిపీఠం దగ్గర నెలంతా ఉంచి ఉమ్మడిగా ప్రార్థిస్తారు. 'మా నాన్న పేరు చదవలేదు' అన్న నొప్పి చాలామందిలో ఇక్కడే పుడుతుంది. నాన్న ఒక్కరి కోసమే పూజ కావాలంటే వేరే తేదీ అడిగి పుస్తకంలో రాయించుకోవడమే మార్గం.

గ్రెగోరియన్ పూజలు వేరు. ఒకే మృతుని కోసం 30 రోజులు తెగకుండా 30 పూజలు. వేర్వేరు గురువులు పంచుకోవచ్చు గానీ మధ్యలో రోజు తప్పకూడదు. విచారణ గురువులు తామొక్కరే వీటిని ఒప్పుకోవడానికి వెనకాడడానికి కారణముంది. ప్రతి ఆదివారం ఒక పూజను తన విచారణ ప్రజల కోసం అర్పించడం వారి విధి. 30 రోజుల్లో కనీసం నాలుగు ఆదివారాలు వస్తాయి. అందుకే ఇవి ఎక్కువగా మఠాలకు, గురువులు ఎక్కువమంది ఉండే గృహాలకు వెళ్తాయి.

నవంబర్ 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళ్తే

ఇండల్జెన్సు అంటే పాప క్షమాపణ కాదు. క్షమాపణ పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో) వస్తుంది. క్షమించబడిన పాపం మనిషిలో వదిలిన వంకరకు సంబంధించిన శిక్షను సభ ప్రార్థన ద్వారా తీసివేయడమే ఇండల్జెన్సు. ఈ ఎనిమిది రోజుల్లో సమాధుల తోటకు వెళ్లి, మనసులోనైనా సరే, మృతుల కోసం ప్రార్థించే కతోలికుడు పరిపూర్ణ ఇండల్జెన్సును ఉత్తరించు స్థలంలోని ఆత్మకు అర్పించవచ్చు. షరతులు: పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాద స్వీకరణ (పూజలో పవిత్రపరచిన అప్పం తీసుకోవడం), పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన, ఏ పాపం మీదా మమకారం లేకపోవడం. చివరిది కొరవడితే అది పాక్షికమవుతుంది.

రోజుకు ఒక్కటే. ఎనిమిది రోజులూ వెళ్లిన మనిషికి గరిష్ఠంగా ఎనిమిది. పాపసంకీర్తనం సుమారు 20 రోజులు ముందైనా వెనకైనా సరిపోతుంది, ఒక్కటి చాలు. సత్ప్రసాదం, పోపుగారి ఉద్దేశాల ప్రార్థన మాత్రం ప్రతిదానికీ విడిగా ఉండాలి. రూపాయితో దీనికి సంబంధం లేదు. పాత జపాల పుస్తకాల్లో కనిపించే '300 దినములు' అన్న లెక్క ఉత్తరించు స్థలంలో 300 రోజులు తగ్గడం కాదు. అది తొలి శతాబ్దాల్లో విధించిన బహిరంగ ప్రాయశ్చిత్తపు రోజుల కొలత. అందరినీ తికమక పెట్టిందని 6వ పౌల్ పోపుగారు 1967లో ఆ లెక్కనే తీసేశారు.

పువ్వు, కొవ్వొత్తి, అన్నం

పువ్వు మీద ఏ సంఘానికీ పెద్ద అభ్యంతరం లేదు. కొవ్వొత్తి కతోలికులకు క్రీస్తు వెలుగుకు గుర్తు. చాలా స్వతంత్ర సంఘాలకు అది దీపారాధనను గుర్తుచేస్తుంది. అన్నం దగ్గర మాత్రం అందరూ దాదాపు ఒకే మాట. తెలంగాణలో మూడో రోజు పిట్టకు పెట్టడం, పదకొండో రోజు కర్మ లోతుగా నాటుకుపోయినవి. క్రైస్తవ కుటుంబాల్లో కూడా చనిపోయినవారికి ఇష్టమైన వంటకం సమాధి మీద పెట్టడం కనిపిస్తుంది. సంఘ పెద్దలు దీన్ని ఆపుతారు, ఎందుకంటే చనిపోయినవారు వచ్చి తింటారన్న నమ్మకం పునరుత్థాన నిరీక్షణతో పొసగదు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. నాలుగో శతాబ్దంలో అగస్టీను తల్లి మోనికా ఆఫ్రికా అలవాటు ప్రకారం మిలాను నగరంలో హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి) సమాధులకు అంబలి, రొట్టె, ద్రాక్షారసం తీసుకెళ్లింది. మేత్రాణి అంబ్రోసు దాన్ని నిషేధించాడని కావలివాడు చెబితే, వాదించకుండా మానేసింది. 387లో ఒస్తియాలో చనిపోయే ముందు కొడుకులతో, శరీరాన్ని ఎక్కడైనా పాతిపెట్టండి, ప్రభువు బలిపీఠం దగ్గర మాత్రం నన్ను తలచుకోండి అన్నది. ఆచారం మారినా ప్రేమ మారలేదు.

అయినవారు కలిసి భోంచేయడం వేరే సంగతి. పదో రోజో, నలభయ్యో రోజో కూడిక పెట్టి అన్నం పెడితే అది ఆదరణే. అప్పు చేసి బిర్యానీ పెట్టాల్సిన పరిస్థితి వస్తే అది ఆదరణ కాదు. ఈ విషయంలో సంఘం నోరు విప్పడం అవసరం.

సమాధి శుభ్రం చేయడంలోనూ తెలియక నష్టం చేస్తారు. వానల తర్వాత మొలిచే వయ్యారిభామ మొక్కను ఉత్త చేతులతో పీకితే దద్దుర్లు వస్తాయి. బాత్‌రూమ్ యాసిడ్‌తో పాలరాయి కడిగితే రాయే కరుగుతుంది, నునుపు పోయి మరుసటి ఏడాది మరింత మురికి పడుతుంది. గ్రానైట్ తట్టుకున్నా అతుకుల్లోని సిమెంటు తినేస్తుంది. కారిన మైనాన్ని కత్తితో గీకితే గీతలు పడతాయి, వేడినీళ్లు పోసి చెక్కముక్కతో తీస్తే వస్తుంది. ఆయిల్ పెయింట్ వేసిన శిలువ మీద సున్నం కొడితే నిలవదు, పెచ్చులుగా ఊడుతుంది. ఎండుగడ్డి మధ్య వెలిగించిన కొవ్వొత్తికి కింద ఇసుక పోసిన మట్టిమూకుడు లేకపోతే పక్క సమాధి పూలదండలకు కూడా అంటుకుంటుంది.

దహనం, బూడిద

నగరంలో సమాధుల తోటలు నిండిపోయాయి. కుటుంబ సమాధిని కొన్నేళ్ల తర్వాత తెరిచి మరొకరిని పెట్టడం మామూలైంది. ఎన్నేళ్లన్నది ఆయా తోట కమిటీ నియమం. ఈ ఒత్తిడిలో దహనం ప్రశ్న వస్తోంది.

కాల్చేస్తే పునరుత్థానం ఎలా అన్న భయానికి సభ చరిత్రలోనే జవాబుంది. 177లో లియోనులో హతసాక్షుల దేహాలను కాల్చి, పునరుత్థాన నిరీక్షణ లేకుండా చేయాలనే బూడిదను రోన్ నదిలో కలిపారు. ఆ హతసాక్షులు లేవరని ఏ క్రైస్తవుడూ అనుకోలేదు. కతోలిక సభ 1963లో దహనాన్ని అనుమతించింది. 1983 ధర్మశాసనం భూస్థాపననే మెచ్చుకుంటూ, విశ్వాసానికి విరుద్ధమైన కారణంతో కాకపోతే దహనం నిషేధం కాదంది. 2016 సూచన ప్రకారం బూడిదను పవిత్ర స్థలంలో ఉంచాలి. ఇంట్లో దాచడం, గాలిలో నీళ్లలో కలపడం, నగల్లో పొదగడం కూడదు. 2023 డిసెంబరులో కొద్ది భాగాన్ని, అన్యమత భావన లేకుండా, వ్యక్తికి ముఖ్యమైన చోట ఉంచే అనుమతిని పరిశీలించవచ్చని రోము తెలిపింది. హిందూ బంధువులు గోదావరిలో కలుపుదామన్నప్పుడు కతోలిక కుటుంబం ఇబ్బంది పడేది ఇందుకే. ప్రొటెస్టంటు సంఘాల్లో ఇలాంటి ఒకే నియమం లేదు, పాస్టరుగారి మాట మీద నడుస్తుంది.

ఎవరి పేరు చదవాలా అని తటపటాయించే చోట

ఆత్మహత్య చేసుకున్నవారి పేరు జాబితాలో రాయొచ్చా అని గుమ్మం దగ్గరే ఆగిపోయే తల్లిదండ్రులుంటారు. 1917 ధర్మశాసనం తెలిసి ఆత్మహత్య చేసుకున్నవారికి సభ అంత్యక్రియలను నిరాకరించింది. 1983లో ఆ నిషేధం తొలగిపోయింది. 1992 సత్యోపదేశం (సభ బోధల అధికారిక గ్రంథం), తీవ్రమైన మానసిక వ్యథ బాధ్యతను తగ్గిస్తుందని, వారి నిత్యరక్షణ విషయంలో ఆశ వదులుకోకూడదని, సభ వారి కోసం ప్రార్థిస్తుందని చెబుతుంది. పాత నియమాన్నే ఇంకా వల్లించేవాళ్లు ఊళ్లో ఉన్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి: ఆ పేరు రాయొచ్చు. బాప్తిస్మం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకుంటుండగా చనిపోయిన శిశువుకు కూడా మేత్రాణుల అనుమతితో అంత్యక్రియలు జరుగుతాయి.

ఒక ఇల్లు, మూడు సంఘాలు: ఉదాహరణ

సికింద్రాబాద్‌లో ఒక కుటుంబం అనుకుందాం. అమ్మ కతోలిక, పోయినేడు చనిపోయింది. నాన్న కతోలిక, పెద్దకొడుకు సీఎస్ఐ, కూతురు పెంతెకొస్తు.

పొద్దున పూజకు పెద్దకొడుకు వెళ్లవచ్చు, కూర్చోవచ్చు, పాడవచ్చు. సత్ప్రసాదం మాత్రం తీసుకోడు, అది సభల మధ్య ఇంకా కుదరని ఐక్యత వల్ల. ముందే తెలియక వరుసలోకి వెళ్లి, వెనక్కి తిరగాల్సి వచ్చి చిన్నబుచ్చుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. నాన్న ఆ విషయం ముందురోజే చెబితే ఆ నొప్పి ఉండదు. సమాధి దగ్గర ఫాదర్ దీవించేటప్పుడు కూతురు మౌనంగా నిలబడితే ఆమె తన విశ్వాసానికి ద్రోహం చేసినట్టు కాదు. ఆ తర్వాత ఆమె 1 థెస్సలొనీక 4వ అధ్యాయం చదివితే అందులో నాన్నకు గానీ అన్నకు గానీ అభ్యంతరం ఉండే మాట ఒక్కటీ లేదు. నాన్న 'నిత్య విశ్రాంతి' ప్రార్థన చేస్తాడు. కొడుకు అమ్మ కోసం దేవునికి కృతజ్ఞత చెబుతాడు. కూతురు మిగిలినవాళ్ల ఆదరణ కోసం ప్రార్థిస్తుంది. ముగ్గురూ మాట్లాడేది ఒకే దేవునితో. అడిగేది వేరు.

తేదీ గొడవ కూడా తీర్చుకోవచ్చు. కూతురి సంఘం నవంబర్ 2ను పాటించదు, పెద్దకొడుక్కి ఆ రోజు సెలవు దొరక్కపోవచ్చు. నాన్న ఆశించే ఇండల్జెన్సు 1 నుంచి 8 వరకు ఏ రోజు సమాధుల తోటకు వెళ్లినా వర్తిస్తుంది, ఆ ఎనిమిది రోజుల్లో కనీసం ఒక ఆదివారం తప్పకుండా పడుతుంది. 2న నాన్న ఒక్కడే పూజకు వెళ్లి, ఆదివారం మధ్యాహ్నం ఆరాధనలు ముగిశాక అందరూ కలిసి సమాధుల తోటకు వెళ్తే, ఎవరి సంఘ నియమమూ తప్పదు.